రెక్కలో జొన్నలు

ఆ రోజుల్లో నాకు ఇరవై రెండేళ్ళు. నేను చేసిన మంచి పని ఎవరికీ కనపడదనీ, తప్పు మాత్రం ఊరందరికీ వినపడుతుందనీ అప్పటికే గట్టిగా నమ్మేవాణ్ణి. ఆ నమ్మకం ఇప్పటికీ పోలేదు కానీ, అది తప్పని తేల్చేందుకు అప్పట్లో ఒక్క అవకాశం వచ్చింది. దాన్ని నా చేతులతో నేనే ఎట్లా కుట్టి మూసేశానో చెబుతాను, తీర్పు మీరే చెప్పండి.

కోయిలకుంట్లలో మాది జీపు సీట్ల కవర్లు, లారీ టార్పాలిన్లు కుట్టే అంగడి. ఊళ్ళో అందరూ కెప్టెన్ అని పిలిచే పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. మంచి సేద్యగాళ్ళ ఇంట పుట్టి, విమానాలు నడపడం నేర్పే ఉద్యోగంలోకి పోయి, రిటైరై తిరిగొచ్చాడు. వస్తూ వస్తూ తాను నేర్చుకున్న రకం పాత విమానం ఒకదాన్ని వేలంలో కొని, ముక్కలుగా లారీలో తెచ్చి, తమ పత్తి గోడౌనులో పెట్టాడు. పైకప్పు లేనిది, ముందొక సీటు, వెనకొక సీటు. రెక్కలు చెక్కతో చేసినవి, వాటి మీద బట్ట. ఎలుకలు తిన్న ఆ బట్టను మార్చడానికి నన్ను పిలిపించాడు.

"ఏమప్పా, టార్పాలిన్ కుట్టేటోనివి, రెక్క కుట్టలేవా? బాగా కుట్టు. ఇది ఎగిరిన మొదటి రోజు ముందు సీటు నీదే" అన్నాడు. (ఈ మాట అన్నప్పుడు బెంగుళూరు నుంచి వచ్చిన మెకానిక్ కూడా అక్కడే ఉన్నాడు. తర్వాత అడిగితే గుర్తు లేదన్నాడు.)

ఏడు నెలలు కుట్టాను. చెక్క బద్దె బద్దెకూ దారం చుట్టి, ముడి వేసి, ఆ ముడిని కొలిచి, కెప్టెన్‌కు నచ్చకపోతే విప్పి మళ్ళీ వేశాను. ఎడమ రెక్కకు దిండు గలీబు తొడిగినట్టు బట్ట తొడిగి, చివర జానెడు మూయాల్సి ఉండగా, మా అవ్వ నాకు సద్ది తెచ్చింది. ఊళ్ళో సగం ఇళ్ళకు బొంతలు కుట్టిన చెయ్యి ఆమెది. నా కుట్టు చూసి ముఖం చిట్లించింది.

"ఇదేం కుట్టురా? దున్నపోతు అడుగులేసినట్టుండాది. ఈ చివర నేనేస్తా, సూది ఇట్లియ్యి."

ఇచ్చాను. మా ఇంట్లో కొత్త బొంతకు చివరి మూల మూసే ముందు లోపల గుప్పెడు జొన్నలు వేయడం అలవాటు. 'కడుపు ఖాళీగా ఉండే బొంత కప్పుకుంటే నిద్ర పట్టదురా' అనేది అవ్వ. ఆమె కొంగుముడి విప్పింది. గుప్పెడు జొన్నలు లోపల పోసింది. మూసేసింది. నేను చూశాను. చూసి, దారం కొస కొరికి తెంపాను కూడా. అది రెక్క అన్న సంగతి నాకు ఆ క్షణాన తోచనే లేదు. సూది, అవ్వ, కొంగుముడి, జొన్నలు... నా కళ్ళకది బొంతే.

తర్వాత బట్ట బిగియడానికి ఘాటు వాసన మందు పూతలు పూతలుగా పూశాం. బట్ట డప్పులా బిగిసింది. తనిఖీకి ఒక పెద్దాఫీసరు వచ్చాడు. ముడులన్నీ భూతద్దంతో చూశాడు. "చాలా బాగుందండీ" అన్నాడు. (ఈ ఒక్క మాటా ఎవరికీ గుర్తు లేదు.) చివరికి మెకానిక్‌తో కలిసి ఎడమ రెక్కను ఒక కొసన ఎత్తాడు. లోపల గలగలమంటూ ఏదో ఈ చివరి నుంచి ఆ చివరికి పరుగెత్తింది.

ఏ మేకు ఊడిందో, ఏ మర జారిందో అని కెప్టెన్ ముఖం పాలిపోయింది. కత్తితో బట్ట కోశారు. జొన్నలు రాలాయి. ఆఫీసరు గింజలు అరచేతిలోకి తీసుకుని, "కుట్టింది దర్జీయా, దినుసుల అంగడివాడా?" అన్నాడు.

అవ్వ పేరు నేను చెప్పలేదు. "నేనే సార్" అన్నాను. కెప్టెన్ తిట్టి ఉంటే బాగుండేది. కోసిన బట్ట వైపు చూస్తూ, "మూడు వారాలు పోయినాయప్పా" అన్నాడు, అంతే. మెకానిక్ మాత్రం ఆ మూడు వారాలూ "ఏమప్పా, పైన ఆకలైతాదని పోసినావా?" అని అడుగుతూనే ఉన్నాడు. పదిహేడు సార్లు. లెక్కపెట్టాను.

విమానాన్ని కర్నూలు పక్కన ఒక రన్‌వేకి తీసుకుపోయారు. నేను ఉతికిన చొక్కా వేసుకుని, తల దువ్వుకుని నిలబడ్డాను. ముందు సీట్లో అప్పటికే ఒకరు కూర్చున్నారు. జొన్నల బస్తా! బెల్టు కూడా కట్టారు.

"మొదటిసారి నడిపేటోడు తప్ప మనిషి ఎక్కకూడదంట, రూలు. బరువు సరిపోవాల కదా" అన్నాడు కెప్టెన్. కళ్ళద్దాలు సర్దుకుంటూ, "నీ జొన్నలకు శానా ఆశగా ఉన్నట్టుండాది, అందుకే ఎక్కించినా" అని నవ్వాడు. అందరూ నవ్వారు. విమానం లేచింది. నా కుట్లు ఒక్కటీ జారలేదు. కర్నూలు పైన బస్తా రెండు చుట్లు తిరిగి వచ్చింది.

దిగాక ఆయన, "రాప్పా, రేపు నీ వంతు" అన్నాడు.

"మీ బస్తానే తిప్పుకోండి సార్" అని బస్సెక్కి వచ్చేశాను. ఆయన ఆ తర్వాత రెండుసార్లు కబురు పంపాడు. పోలేదు. ఆ బస్తాను మా ఇంటికే పంపాడు. ఆ జొన్నలతో అవ్వ రొట్టెలు చేస్తే కోపంగానే నాలుగు తిన్నాను.

ఇప్పుడు కెప్టెన్ లేడు, అవ్వా లేదు. విమానం ఇంకెవరో నడుపుతున్నారు. ఎప్పుడైనా పొద్దున్నే మా అంగడి మీదుగా పోతుంది. మిషను ఆపి బయటికి వస్తాను. ఎవరికీ తెలియని సంగతి ఒకటుంది. కోసిన ఆ చివరను తిరిగి మూసేటప్పుడు, ఒక్క జొన్న గింజను లోపలి చెక్కకు బంకతో అతికించాను. అది కదలదు, మోగదు. అవ్వకొక్కదానికే చెప్పాను. "అట్లన్నా చేసినావు, బాగుండాది" అంది.

ఎడమ రెక్క చివర కనపడినంతసేపూ చూస్తాను. చొక్కా ఉతుక్కుని వచ్చిన ఆ కుర్రవాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. మొండివాడు. గింజకున్న బుద్ధి ఉన్నా, ఎక్కి ఉండేవాడు.