అన్న తెచ్చిన హెలికాప్టర్‌కు కొత్త తోకరెక్కలు

మొన్న ఏర్గట్లలో మా వియ్యంకుడు పసుపు చేనుకు మందు కొట్టించడానికి డ్రోన్ తెప్పిస్తే చూడబోయాను. దాన్ని నడిపే అతను గట్టు మీద నిలబడి, మనిషి ఎక్కకుండా ఈ ప్రాంతంలో గాలిలోకి లేచిన మొదటి యంత్రం ఇదేనని నలుగురికీ చెబుతుంటే నాకు ఒళ్లు మండింది. నువ్వు పుట్టకముందే బోధన్ చెరుకు పొలాల మీద మేము హెలికాప్టర్ ఎగరేశామయ్యా అంటే, నవ్వి, "ఎండల ఎక్కువసేపు నిలవడకు పెద్దాయనా" అన్నాడు. మా వియ్యంకుడూ నవ్వాడు. వాళ్లతో వాదించి లాభం లేదు గాని, నా ఈడువాళ్లు మీరున్నారు కదా, మీకైనా చెప్పుకుంటాను.

అప్పట్లో నాకు నిజామాబాద్‌లో చిన్న రేడియో రిపేరు దుకాణం ఉండేది. నా చదువు ఏడో తరగతి దగ్గరే ఆగింది; ఆ తర్వాత నేర్చుకున్నదంతా పాత పుస్తకాలు, పక్కన నిఘంటువు, పాడైపోయిన సెట్లు నేర్పినదే. మా అన్న దుబాయిలో ఒక షేక్ ఇంట్లో కార్లు కడిగేవాడు. గల్ఫ్ నుంచి వచ్చినవాడు పెట్టె విప్పుతున్నాడంటే ఆ రోజుల్లో వాడకట్టంతా గడపలో చేరేదని మీకు తెలియనిది కాదు. ఎవరి పెట్టెలోనైనా టేపురికార్డరు, సెంటు సీసాలు, మెత్తటి దుప్పట్లు ఉంటాయి; మా అన్న పెట్టెలోంచి మాత్రం రెండు మూరల పొడవున్న బొమ్మ హెలికాప్టర్, దాన్ని దూరం నుంచి నడిపే రేడియో డబ్బా బయటికి వచ్చాయి. యజమాని కొడుకు విసుగొచ్చి పారేస్తే, అడిగి తెచ్చుకున్నాడట. మా మేనత్త ముక్కు మీద వేలేసుకుని, "అందరు బంగారం తెస్తరు, మావోడు ఆటబొమ్మ తెచ్చిండు" అన్నది. ఆ మాట బజారుదాకా పోయింది. అన్న బయట తిరగడం మానేసి సెలవంతా ఇంట్లోనే గడపసాగాడు. మనిషి పరువు అలా పోతుంటే చూడలేక, అన్న మళ్లీ విమానం ఎక్కేలోగా దాన్ని పదిమంది ముందు ఎగరేసి తీరాలని పట్టుబట్టాను.

స్పిరిట్లో ఆముదం కలిపి పోస్తే ఇంజను అంటుకుంది; ఇల్లంతా ఆముదం పొగ. కింద వెదురు బద్దలు అడ్డంగా కట్టి, పడిపోకుండా మోకాలెత్తు లేపడం నేర్చుకున్నాను. చిక్కంతా తోక దగ్గర వచ్చింది. పైన పెద్ద రెక్క ఒక వైపు తిరుగుతుంటే కింద ఒళ్లు రెండో వైపు తిరగాలని చూస్తుంది; దాన్ని అలా తిరగనివ్వకుండా పట్టి ఉంచేది తోక చివర ఉండే చిన్న ఫ్యాను. దాని ప్లాస్టిక్ రెక్కలు ఎండకు వంగి, అంచులు చిట్లి ఉన్నాయి. కాస్త గాలి వీస్తే చాలు, హెలికాప్టర్ గిర్రున తిరిగేది.

కొత్త రెక్కలు కొనడానికి హైదరాబాదులో కూడా దొరకవని తేలాక నేనే చేశాను. పాత సెట్ల లోపలి ఫైబరు పలకలు తీసుకుని, రాగి గీకేసి, రంపంతో కోసి, ఆకురాయితో అంచులు దిద్ది, పాతవాటికన్నా కొంచెం పొడవుగా, వంగనంత గట్టిగా తయారుచేశాను. రెండూ సమానంగా తూగాలని కంసాలి మిత్రుడి దగ్గర బంగారం తూచే త్రాసులో పెట్టి, గురిగింజంత తేడా కూడా లేకుండా అరగదీశాను. తీరా బిగించి తిప్పితే తోక చలిజ్వరం వచ్చినట్టు వణికి, మరలు ఊడి రాలాయి. త్రాసు అబద్ధం చెబుతుందా అని తల పట్టుకుని కూర్చున్నాను.

పక్కనే మా అవ్వ చాటలో ఆకు, తంబాకు పెట్టుకుని బీడీలు చేస్తోంది. బీడీలో తంబాకు ఒక కొసకే చేరితే కంపెనీ మనిషి పక్కకు తీసేస్తాడు గనుక, ఆమె వేళ్లకు ఆ తేడా చూడకుండానే తెలుస్తుంది. రెండు రెక్కలూ ఒక్కొక్కటిగా వేలి మీద అడ్డంగా నిలబెట్టి చూసింది.

"బరువు ఒక్కటే బిడ్డా. గని గిదాని బరువు కొసకున్నది, గదాని బరువు నడుమున్నది."

బరువు కొసకున్న రెక్కను ఆ కొస దగ్గర అరగదీసి, తగ్గిన బరువుకు దాని మొదలు దగ్గర టేపు చుట్టాను. ఈసారి తోక నిమ్మళంగా తిరిగింది. రెక్క చేసింది నేను, దాన్ని కుదిర్చింది అవ్వ. ఇద్దరిలో ఎవరమూ ఏ కాలేజీ గడపా తొక్కలేదు.

బోధన్ దగ్గర మా బావకు చెరుకు కొట్టేసిన మడి ఒకటి ఖాళీగా ఉంది. అన్న రేపో మాపో బయలుదేరుతాడనగా, వాడకట్టువాళ్లను, మేనత్తను వెంటబెట్టుకుని అక్కడికి పోయాం. ఫ్యాక్టరీకి పోయే చెరుకు బండ్లు కూడా ఆగాయి. గాలి బాగానే వీస్తోంది. ఒక బండి మీద ఆయన మా బావతో, "లేస్తదా పటేలా, ఎడ్లు గట్టి గుంజమంటవా" అంటే అందరూ నవ్వారు. ఆ నవ్వు ముగియకముందే అది లేచింది. చెరుకు ఎత్తు దాటి, గాలికి ఎదురుగా ముక్కు పెట్టి, ఎవరో చేత్తో పట్టుకున్నట్టు నిలబడింది. తోక ఇటు జరగలేదు, అటు జరగలేదు. మా మేనత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తూ ఉండిపోయింది.

నువ్వు నడుపుతావా అని అన్నను అడిగాను.

"నువ్వే నడుపు తమ్మీ, నేను సూస్త. గక్కడ దీన్ని తుడుసుడే గని, ఎగిరేటప్పుడు ఎన్నడు సూడనియ్యలే."

ఇంజనులో నూనె అయిపోయేదాకా చూస్తూనే ఉన్నాడు. వచ్చేదారిలో అందరూ అన్న చుట్టూ చేరి, ఆ దేశంలో ఇంకా ఏమేమి ఉంటాయని అడుగుతుంటే, ఆ సెలవులో మొదటిసారి గట్టిగా మాట్లాడాడు.

ఫ్యాక్టరీ మూతపడింది, చెరుకు మడుల్లో ఇప్పుడు వరి. పెళ్లిళ్లలో, సభల్లో నెత్తి మీద రోజూ ఏదో ఒకటి ఎగురుతూనే ఉంటుంది, తల ఎత్తి చూసేవాళ్లు లేరు. మా అన్న ఉంటే మాత్రం చేతిలో పని వదిలేసి చూసేవాడు.