మా లైబ్రరీ గోడకు అంటించిన పుస్తకాలు

డిజిటల్ యుగానికీ, దాని ఏసీ గదులకూ, అందులో చెప్పులు విడిచి అడుగుపెట్టే సమస్త మేధావులకూ సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను... కింద రాసేదంతా ఒక వెనకబడిన మనిషి కడుపుమంట. పెద్ద మనసుతో మన్నించండి.

మా చిన్నప్పుడు... ధర్మవరం పక్కన మా ఊళ్లో, నాయన గుంతమగ్గంలో కూర్చొని పట్టుచీర నేస్తాంటే, గడప మీద కూర్చొని లైబ్రరీ నవల గట్టిగా చదవడం నా ఉద్యోగం. నాయనకు చదువు రాదు. అమ్మ పక్కనే రాట్నం తిప్పుతా కండెలు చుట్టేది.

గడప మీదే ఎందుకంటే, ఆ పుస్తకాలు అంత శుభ్రమైనవి మరి! ఒక పేజీకి నశ్యం... ఇంకో పేజీకి శెనక్కాయలు తిన్న నూనె వేళ్లు... అట్టకు ఎండిపోయిన అన్నం మెతుకు. పట్టుకు మరక తగిలితే చీర పోయినట్టే. అందుకే పుస్తకం పట్టినోడు మగ్గం దగ్గరికి రాకూడదని మా ఇంటి చట్టం.

చీరలో బుటా పువ్వు వేసేటప్పుడు పోగుల లెక్క తప్పకుండా నాయన చెయ్యెత్తేవాడు... నేను ఆగాలి. సరిగ్గా హీరోయిన్ బావిలో దూకబోతాంటేనే ఎత్తేవాడు. బుటా అయ్యేదాకా ఆమె గట్టు మీదే నిలబడాల, పాపం!

"తొందరగా కానీయి! ఆ పిల్ల దూకుతాదో లేదో తెలియాల నాకు" అని అమ్మ అరిచేది.

ఇప్పుడు నాయనకు మోకాళ్లు పోయినాయి. మగ్గం దిగినాడు. పగలంతా మంచం మీద ఖాళీ. మొన్న ఆయనే అడిగినాడు.

"ఒరే, లైబ్రరీ కొత్తగా కట్టినారంట గదా... ఒక బుక్కు తెచ్చుకుందాం పా. ఇప్పుడు చెయ్యెత్తేది లేదు, ఆపకుండా చదువుదువు."

పోయినాం. అద్దాల తలుపు... చల్లగాలి... కవర్లు విప్పని కంప్యూటర్లు. ఎదురుగా గోడనిండా పుస్తకాలు! నాయన మొహం వెలిగిపోయింది. కర్ర నా చేతికిచ్చి, పోయి ఒకదాన్ని లాగినాడు. రాలేదు. ఇంకోటి లాగినాడు. గోరు జారింది.

"ఏమప్పా, ఇంత బిగించి పెట్టినారే?"

కౌంటర్లో పిల్లోడు నవ్వినాడు. "తాతా, అది స్టిక్కరు. ఫోటోలు దిగేదానికి."

"మరి బుక్కులు యాడుండాయి?"

మెట్ల కింద చూపించినాడు. ఫినాయిల్ డబ్బా, నేల తుడిచే తడి మాపు, పక్కన పుస్తకాలు కుక్కి మూతి కుట్టిన గోనెసంచులు. తూకానికి పోతాయంట.

"ఒకటి తీసియ్యప్పా, చదివి తెచ్చిస్తాం."

"ఈ కంప్యూటర్ లిస్టులోంచి తీసేసినాం తాతా. లేని బుక్కును ఇచ్చేదెట్ల?"

నశ్యం మరకలు చూసి ఏనాడూ రాని వాంతి, ఆ తళతళలాడే గోడను చూస్తే వచ్చింది నాకు. పుస్తకం బొమ్మకు గోడంతా చోటు... పుస్తకానికి మాత్రం మాపు పక్కన కూడా నిలవనీయరు! థూ...

నాయన నా చేతిలోని కర్ర తీసుకొని బయటికి పోయి, ఎండలో మెట్టు మీద కూర్చున్నాడు.

మీ ఊరి లైబ్రరీలో పుస్తకాలు ఇంకా చేతికొస్తాండాయా? కింద రాయండి... లేకపోతే అందరం కలిసి తిట్టుకుందాం.

ఇంతకీ ఈ మహావీరుడు ఆడ ఏం పోరాడినాడని అడుగుతారేమో. సంచి విప్పలేదు. ఆ పిల్లోణ్ణి ఒక్క మాట అనలేదు. నాయన బయట ఎండలో కూర్చోనుంటే, నేను ఆ గోడ ముందర నిలబడి, జుట్టు సర్దుకొని, ఫోటో దిగినాను.

ఈ పోస్టు పైన మీరు లైకు కొట్టింది ఆ ఫోటోకే.