రెండు బండ్లలో ఒకే గొంతు

దయ్యాల మాట వస్తే ముందు నవ్వేది నేనే. అబిడ్స్‌లో కళ్లద్దాల షాపు నడుపుతాను. కనపడనిది కనపడిందని ఎవరైనా అంటే, ఓసారి కళ్లు చెక్ చేయించుకోమనేవాణ్ణి. అందుకే ఈ సంగతి నేనే చెబుతుంటే మావాళ్లు వింతగా చూస్తారు.

పోయిన సెలవుల్లో రెండు బండ్లలో బయల్దేరాం. నాంపల్లి నుంచి నేను, నా భార్య, అమ్మ, నాలుగేళ్ల మా పాప చిన్ని. గౌలిగూడ నుంచి అక్క, బావ, వాళ్ల మగపిల్లలిద్దరు. కాకినాడ, విశాఖ, భీమిలి తిరిగి, సముద్రంలో తనివితీరా తడిసి, ఆఖరున అరకు కొండ ఎక్కుతున్నాం.

చిన్నికి ఒక బండిలో కుదురు లేదు. ఆగిన చోటల్లా బండి మారేది. మా దాంట్లో లేకపోతే బావ దాంట్లో ఉంటుందని మాకు ధీమా. ఒకచోట నేను తలలు లెక్కపెట్టబోతే అమ్మ ఒప్పుకోలేదు. "పిల్లలను గట్ల లెక్కపెట్టొద్దు బిడ్డా, దిష్టి తాకుతది" అంది. అమ్మతో వాదించి గెలిచినవాడు మా వంశంలో లేడు.

ఘాట్ రోడ్డు మీద ఒక పాక దగ్గర ఆగి కాల్చిన మొక్కజొన్న కంకులు తిన్నాం. వాన అందుకోవడంతో గబగబా ఎవరి బండి వాళ్లం ఎక్కేశాం. చాలా మలుపులు దాటాక, మా చివరి సీట్లోంచి చిన్ని "నాన్నా, నీళ్లు" అంది.

ముగ్గురం విన్నాం. సామాన్లు అడ్డం ఉండి పిల్ల కనపడలేదు. అమ్మ సీసా మూత తిప్పుతుండగానే వెనక బావ ఆపకుండా హారన్ కొట్టాడు. బండి పక్కకు ఆపాను. ఆయన తడుస్తూ వచ్చాడు.

"బామ్మర్దీ, చిన్ని నీళ్లడుగుతుంది. మా బండ్ల అయిపోయినయ్. జర సీసా ఇయ్యి."

మా బండిలో కదా అడిగింది అన్నాను. కాదు, తనను "మామా, నీళ్లు" అని అడిగిందట, అక్క కూడా విన్నదట. వెనక పిల్లలు దుప్పటి కప్పుకుని పడుకుంటే, చిన్ని కూడా అందులోనే ఉందనుకున్నారు.

నా భార్య దిగి బ్యాగులన్నీ లాగేసింది. బావ పరుగెత్తి దుప్పటి తీసి చూశాడు. పిల్ల రెండు బండ్లలోనూ లేదు.

ఆ ఇరుకు దారిలో బండి ఎలా వెనక్కు తిప్పానో గుర్తు లేదు. అమ్మ ఏడుస్తోంది. నా భార్య కిటికీలోంచి తల బయటపెట్టి, వానలో దారి పొడుగునా వెతుకుతోంది.

పాక లోపల, వెనకవైపు మూటల మీద చిన్ని హాయిగా నిద్రపోతోంది. కంకులు కాల్చే ఆమె తన దుప్పటి కప్పి ఉంచింది. "మీరెల్లిన కాడ్నించీ పడుకునే ఉంది బాబూ, కన్నే తెరవనేదు" అంది.

పిల్లను గుండెకు హత్తుకుని ఆ వానలోనే బోరున ఏడ్చేశాను. సిగ్గనిపించలేదు. దిష్టి సంగతి మరిచి అమ్మే పిల్లలందరి తలలూ తడిమి తడిమి లెక్కపెట్టింది.

మొజంజాహీ మార్కెట్లో ఐస్‌క్రీం తినడానికి కలిసినప్పుడల్లా బావా నేనూ ఇప్పటికీ వాదించుకుంటాం. తన బండిలోనే అడిగిందని ఆయన, మా బండిలోనే అని నేను. భ్రమ అనుకుందామంటే, ఇంతమందికి ఒకేసారి ఒకే భ్రమ ఎలా కలుగుతుంది?

దయ్యాలు లేవని ఇప్పటికీ అంటాను. ఆ గొంతు ఎవరిదో మాత్రం చెప్పలేను. నా బిడ్డను నాకు తెచ్చి ఇచ్చిన గొంతు అది. దాన్ని దయ్యం అనడానికి నాకు నోరు రాదు.