నవ్వు ఆగేదాకా ఆగే డెల్లా

డెల్లా ఫెంటన్ పదిహేడేళ్ళుగా స్టేజీ మీదే బతుకుతోంది. మొగుడు గస్ ఒక మాట అంటాడు, ఆమె ఒకటి అంటిస్తుంది, జనం నవ్వుతారు. ఆ నవ్వు సద్దుమణిగేదాకా ఆమె చేతిసంచిలో ఏదో వెతుకుతున్నట్టు నటిస్తుంది. పన్నెండు నిమిషాల ఆట. బఫెలో నుంచి బాల్టిమోర్ దాకా అదే ఆట.

1929లో న్యూయార్కులో ఒక మాటల సినిమా కంపెనీ వాళ్ళని పిలిచింది. ముందు వాళ్ళ ఆటనే ఒక చిన్న బొమ్మగా తీసి, అది కుదిరితే ఇంకో ఆరు తీస్తామంది. కుదరకపోతే ఇంటికే. ఊరూరా హాళ్ళు స్టేజీ ఆటలు మానేసి బొమ్మలు వేస్తున్న రోజులు. డెల్లాకి భయమేసింది. ఆ భయం కనబడకుండా కొత్త టోపీ కొనుక్కుంది.

స్టూడియోలో మైకుని పూలకుండీలో దాచారు. కెమెరా మోత వినబడకుండా దాన్నీ, లావుపాటి కెమెరామన్ ఓర్విల్‌నీ కలిపి అద్దం కిటికీ ఉన్న గదిలో బిగించారు. మిగతావాళ్ళు తుమ్మినా ఉద్యోగం ఊడుతుందన్నాడు డైరెక్టరు ప్రెస్కాట్.

"మా అమ్మ వస్తోంది. నాలుగు రోజులుంటుందట," అన్నాడు గస్.

"సంతోషం. నేను ఐదో రోజు వస్తాను," అంది డెల్లా.

చప్పుడు లేదు. డెల్లా సంచిలో వెతికింది. ఇంకా వెతికింది. చివరికి "ఏమయ్యా, అందరూ చచ్చారా?" అంది.

ప్రెస్కాట్ తల పట్టుకున్నాడు. "అమ్మా, ఇక్కడ నవ్వితే మైకులో పడుతుంది. మీరు చెప్పుకుపోండి. ఇంకొక్కసారే. తర్వాత కోతుల ఆటవాళ్ళొస్తారు."

"పోనీ మనసులో మూడు లెక్కపెట్టుకోవే," అన్నాడు గస్.

"నవ్వుకి లెక్కేంటి, మొద్దు మొహమా! సోమవారం నవ్వు వేరు, శనివారం నవ్వు వేరు."

అంతలో ఆమె చూపు అద్దం మీద పడింది. లోపల ఓర్విల్ భుజాలు అదురుతున్నాయి. పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు, బయటికి మాత్రం చిన్న శబ్దమైనా రావడం లేదు. డెల్లా అతనికి కన్ను కొట్టింది.

ఈసారి ప్రతి మాటా ఆ కిటికీకే చెప్పింది. ఓర్విల్ పళ్ళు కనిపించినంతసేపూ సంచి వెతికేది, అతను నోరు మూయగానే మాట అందుకునేది. ప్రెస్కాట్ గంతులేశాడు. ఆరు బొమ్మలకీ ఆ సాయంత్రమే సంతకాలయ్యాయి.

నెల తర్వాత నెవార్క్‌లో మధ్యాహ్నం ఆటకి మొగుడూ పెళ్ళాం టికెట్లు కొనుక్కుని కూర్చున్నారు. ఐదో రోజు మాటకి హాలు గొల్లుమంది. అక్కడ నవ్వింది ఓర్విల్ ఒక్కడే, ఇక్కడేమో వెయ్యిమంది. వాళ్ళింకా నవ్వుతుండగానే తెరమీది డెల్లా తరువాతి మాట చెప్పేసింది. పదిహేడేళ్ళలో ఎన్నడూ గురి తప్పని మాట ఎవరికీ వినబడలేదు.

"ఆగవే తల్లీ, వాళ్ళని నవ్వనీ!" అంది డెల్లా పైకే.

పక్కావిడ కళ్ళు తుడుచుకుంటూ, "ఏమందండీ ఆవిడ?" అంది.

డెల్లా ఉండబట్టలేక లేచి నిలబడింది. "అత్తగారికి నేనంటే ఎంత ప్రేమంటే, మా పెళ్ళికి నల్లబట్టలేసుకొచ్చింది!"

నాలుగు వరసలు విరగబడి నవ్వాయి. టార్చి పట్టుకుని హాలు మనిషి పరిగెత్తుకొచ్చాడు.

"బొమ్మ మాట్లాడుతుంటే మాట్లాడకూడదమ్మా. బయటికి నడవండి."

"నాయనా, ఆ బొమ్మ నేనే!"

అతను తెరని చూశాడు, ఈమెని చూశాడు. "కావచ్చు. ఆవిడ నోరు మూయించలేను. మీదైతే మూయించగలను."

డెల్లాకి ఏడుపొచ్చినంత పనైంది. గుమ్మం దాకా వెళ్ళి, గస్ చెయ్యి పట్టుకుంది.

"వాడి మాట బాగుందయ్యా. రేపటి బొమ్మలో పెట్టేద్దాం."