అంగమ్మాళ్ రెండో పొయ్యి

సూలూరు దగ్గరి మిల్లు లైన్లలో అంగమ్మాళ్ నవ్వితే ఆఖరి ఇంటిదాకా వినపడేది. మిల్లు రీలింగు విభాగంలో నూలు చుట్టే పని. జుట్టులో దూది, ఒంట్లో తొందర. ఆ లైన్లలో సగంమందికి ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. అంగమ్మాళ్‌కు రెండూ బాగా వచ్చు. సంతోషం ముదిరితే మాత్రం నోట తెలుగు తప్ప ఊడిపడదు.

ఉన్నది ఒకే గది. మట్టిగోడలు, నాటు పెంకుల కప్పు. అందులో ఆమె, మొగుడు కుప్పుసామి, ముగ్గురు పిల్లలు, అత్త ముత్తమ్మాళ్. వంట ఒకటే, పేచీ కూడా ఒకటే: కారం. పిల్లల కోసం కోడలు మిరపకాయలు తగ్గిస్తే, అత్త పులుసు పోసిన కంచం ముందు కూర్చుని, "ఇది కొళంబా, గుడ్డలు పిండిన నీళ్లా?" అనేది.

మిల్లువాళ్లు రెండు గదుల ఇళ్లు కడుతున్నారు. జనాభా లెక్కల్లో వేరు కాపురంగా ఎక్కినవాళ్లకే ఇస్తామన్నారు. వేరు కాపురమంటే వేరు పొయ్యి. లెక్కలు రాసే బడి వాద్యారు వస్తాడన్న రోజు పొద్దున్నే అంగమ్మాళ్ అత్త కంటపడకుండా పెరట్లో మూడు ఇటుకలు పేర్చి, మట్టి మెత్తి, పైన గంప బోర్లించింది. ఇక ఆమె కాలు ఒకచోట నిలవలేదు.

వాద్యారు అచ్చ తమిళుడు. గోడ దేనిది, కప్పు దేనిది, ఎవరెవరు ఏం పని చేస్తారు అని అడిగి రాసుకుంటూ చివరికి అసలు చోటికి వచ్చాడు. పొయ్యిలెన్ని అని.

"అడుప్పు ఎత్తనైమ్మా?"

అంతసేపూ తమిళంలో చక్కగా జవాబు చెప్పిన మనిషి ఆనందం పట్టలేక తెలుగులోకి దూకింది. "రెండు పొయ్యి సార్!"

తమిళంలో పొయ్ అంటే అబద్ధం. వాద్యారు కలం ఆపి ముఖం చిట్లించాడు. "రెండు పొయ్యా? ఎన్న పొయ్?"

ఏమిటా అబద్ధాలని అడిగేసరికి అంగమ్మాళ్ దొరికిపోయాననుకుంది. "ఒక్కటే సార్, ఒక్కటే! ఇంకోటి పొద్దున పెడ్తిని. అది నిప్పే చూడలేదు!" అని తమిళంలో అంతా కక్కేసి, పెరట్లోకి పరుగెత్తి గంప కూడా ఎత్తి చూపించింది. కొత్త ఇల్లు చేజేతులా పోగొట్టుకున్నానని అప్పుడు తట్టింది.

ముత్తమ్మాళ్ వెనకాలే వచ్చింది. "ఏమే, నాకి మరుగుచేసి పొయ్యి పెట్టినావా?"

అంగమ్మాళ్ కళ్లు గట్టిగా మూసుకుంది.

"పెట్టేది పెడ్తివి, గాలికి ఎదురుగా ఏల పెడ్తివే? పొగంతా మూతికి రాదా?"

ముసలామె ఇటుకలు తిప్పి, లోపలి పొయ్యి నుంచి నిప్పు తెచ్చి రాజేసింది. మూకుడు పెట్టి గుప్పెడు ఎండుమిరపకాయలు పోసింది. "రాసుకో సామీ, నేను వేరు. ఇంగ నా నోటికి పట్టినట్టు తింటాను," అని వాద్యారుతో తమిళంలో అంది.

"ఎప్పటినుంచి పాటీ?" అని ముసలామెను అడిగాడు వాద్యారు.

"ఇదో, నువ్వు చూస్తావుండావే, ఇప్పటినుంచి!"

వాద్యారు ఘాటుకు తుమ్మి, కళ్లు తుడుచుకుని, కాగితం పైనుంచి కిందిదాకా వెతికాడు. ఎప్పటినుంచి వేరు అనే గడి అందులో ఎక్కడా లేదు.

అప్పుడే షిఫ్టు దిగి కుప్పుసామి వచ్చాడు. ఏ పొయ్యి వంట తింటావని వాద్యారు అడిగితే అమ్మను చూశాడు, పెళ్లాన్ని చూశాడు. "ఏది ముందు ఉడికితే అది సార్."

"వాణ్ణి కోడలి పక్కన రాసెయ్," అంది ముత్తమ్మాళ్. "గిన్నె మిగల్చడు."

రెండు కాపురాలు. అంగమ్మాళ్ రాసింది పైకి చదివించుకుని, మట్టిచేతులతోనే మిల్లు ఆఫీసుకు పరుగు పెట్టింది.

"ఏయ్, నాకి సోరు?" అని అన్నం కోసం అరిచాడు కుప్పుసామి.

"మీ అమ్మను అడుగు!"

అతను అమ్మవైపు తిరిగాడు.

"మా కాపురం వేరు నాయనా," అంది ముత్తమ్మాళ్, మిరపకాయలు తిప్పుతూ.