ఎనభై ఏడో మేకు

హీరాలాల్ దేన్నీ ఒక్కమాటతో నమ్మే మనిషి కాదు. భద్రాచలం బస్సెక్కితే బోర్డు చదివి, కండక్టర్ని అడిగి, ఆపైన పక్క సీటాయన్ని కూడా అడిగేవాడు. డాక్టరు జ్వరం లేదంటే ఇంటికొచ్చి భార్య సోమ్లి చేత నుదురు పట్టించుకునేవాడు. "నన్ను జేసుకునేటప్పుడు ఎంతమందినడిగినవ్?" అని దెప్పేదామె. "తండాల అందర్నీ అడిగిన" అనేవాడు నవ్వకుండా.

ఆ అనుమానం పుట్టుకతో వచ్చింది కాదు, బొగ్గుబాయి నేర్పింది. అడవి అంచు తండా నుంచి ఇరవయ్యేళ్లప్పుడు వచ్చి గుట్టకింది బాయిలో దిగాడు. ఇరవై రెండేళ్లు కప్పు చూసే పని చేశాడు. చేతిలో ఇనుప కడ్డీ, నెత్తి మీద కొండంత బరువు. కడ్డీతో తడితే గట్టి కప్పు ఖంగుమంటుంది, డొల్ల కప్పు పగిలిన కుండలా బొయ్యిమంటుంది. కూలబోయే ముందు ఆసరాగా నిలబెట్టిన దుంగలు కిర్రుమని, టపటపమని చప్పుడు చేస్తాయి. దాన్నే బాయివాళ్లు కప్పు మాట్లాడటం అంటారు. ఆ మాట వినబడిన వాడు వెనక్కి చూడకూడదు, పరుగెత్తాలి. ఒకసారి అందరినీ పరుగెత్తించి తాను ఆఖర్న వస్తుంటే రాయి పడి మోకాలు నలిగింది. అప్పటినుంచి పైన ల్యాంప్ రూములో తేలికపని ఇచ్చారు.

అక్కడి పద్ధతి అతనికి నచ్చింది. బాయిలోకి దిగేవాడు తన నంబరున్న ఇత్తడి బిళ్ల ఇచ్చి ల్యాంపు తీసుకోవాలి. హీరాలాల్ ఆ బిళ్లను చెక్కబోర్డు మీద అదే నంబరు మేకుకు తగిలిస్తాడు. పైకొచ్చి ల్యాంపు ఇస్తే బిళ్ల వాపసు. మేకుకు బిళ్ల ఉందంటే మనిషి లోపలున్నట్టే. హీరాలాల్ పూర్తిగా నమ్మింది ఈ లోకంలో ఆ చెక్కబోర్డునొక్కదాన్నే.

రెండువేల ఐదులో ఆ బోర్డు పక్కనే కంప్యూటరొకటి తెచ్చిపెట్టారు. దానితోపాటు సత్తుపల్లి నుంచి పుష్పలత అనే ఆపరేటరు వచ్చింది. బాయికి వచ్చినవాడు మొదట కార్డు గీకాలి, పోయేటప్పుడు మళ్లీ గీకాలి. లోపల ఎంతమంది ఉన్నారో తెర మీద అంకె పడుతుంది. ఏడాది చూసి బోర్డు పీకేస్తామన్నాడు మేనేజరు. ఆ మాట విన్నరోజు హీరాలాల్ అన్నం సరిగా తినలేదు.

రెండో నెలలోనే కంప్యూటరుకు వైరస్ తగిలింది. "మిషన్‌కు రోగమొస్తదా? దవాఖానల జేర్పిస్తరా మరి?" అన్నాడు హీరాలాల్, లోలోపల సంతోషపడుతూ. పుష్పలత మూడు రోజులు కూర్చుని పాతదంతా తుడిచేసి లినక్స్ అనే కొత్త సిస్టం ఎక్కించింది. తెర మీద పొట్ట తెల్లగా ఉన్న లావాటి పక్షి ప్రత్యక్షమైంది.

"దీనికెంత పోసిన్రు బిడ్డా?"

"డబ్బులక్కర్లేదు బాబాయ్. ఎక్కడెక్కడి వాళ్లో కలిసి రాసి ఊరికే ఇస్తారు."

"ఊరికే ఎవడిస్తడు? ముందుగాల ఊరికే ఇస్తరు, ఎన్కనుంచి మెడ వట్టుకుంటరు. ఇంతకీ గా పక్షేంది? గది మనల్నే సూస్తున్నది."

పుష్పలత నవ్వింది. నవ్వే మనుషుల మీద అతనికి మరికాస్త అనుమానం.

ఆమె వినే సంగీతం మరీ అనుమానాస్పదంగా ఉండేది. వరంగల్‌లో ఇంజనీరింగ్ చదివే తమ్ముడు సీడీల్లో పాటలెక్కించి పంపేవాడు. అవి రాక్ పాటలే కానీ మామూలు రాక్ కాదని, ప్రయోగాలని చెప్పేది. పాటకో పల్లవి ఉండదు, మాట ఉండదు. గిటారును వాయిస్తున్నారో కోస్తున్నారో తెలీదు. పావుగంటసేపు ఒకటే గోల. "పెండ్లికి డప్పు గొట్టెటోడు గూడ ఏడ ఆపాల్నో ఎరికతోని గొడ్తడు" అనేవాడు హీరాలాల్. "అర్థం కాకపోయినా ఒకసారి చెవిపెట్టి వినండి బాబాయ్" అనేదామె.

ఒకరోజు షిఫ్టు మారే వేళ ఆమె స్పీకర్లలో కొత్త సీడీ పెట్టింది. మొదట ఏదో సన్నగా కిర్రుమంది. తర్వాత టప్‌మంది. మళ్లీ కిర్రు, ఆ వెనకే వరసగా టపటపా. హీరాలాల్ చేతిలోని ల్యాంపు జారి పడింది. "కప్పు మాట్లాడుతుంది! బయటికురుకున్రి!" అని గావుకేక పెట్టి, పుష్పలత రెక్క పట్టుకుని కుంటికాలితోనే ఈడ్చుకుపోయాడు. కిటికీ దగ్గర వరసలో ఉన్న నలభైమందీ, అనుభవమున్న వాళ్లు కదా, ఎందుకని అడక్కుండా సైకిల్ స్టాండు దాకా పరుగెత్తారు. ల్యాంప్ రూము రేకుల కప్పు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. లోపల పాట సాగుతూనే ఉంది.

ఇంకేముంది, నవ్వులపాలయ్యాడు. "హీరాలన్నా, ఇయ్యాల ఏ పాట కూలింది?" అని పొద్దునొకడు, సాయంత్రమొకడు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, అతని కోపమంతా కంప్యూటరు మీదికే పోయింది.

కార్డుల సంగతీ అలాగే తయారైంది. బాయిలో నీళ్లు కారతాయి, కార్డులు తడిసి పాడవుతాయి. అందుకని బొగ్గు తవ్వే ముత్యాలు, అతని గుంపు, మొత్తం పద్నాలుగు మంది, తమ కార్డులకు రబ్బరు బ్యాండు చుట్టి హీరాలాల్ దగ్గరే ఉంచేవాళ్లు. పొద్దున వాళ్లు దిగగానే అతనే వరసగా గీకేవాడు. మధ్యాహ్నం మూడింటికి సైరన్ మోగగానే మళ్లీ అతనే గీకేవాడు, వాళ్లకు బస్సు దొరకాలి కదా. ఒకరి కార్డు మరొకరు గీకితే ఉద్యోగం పోతుందని గోడ మీద నోటీసుంది. దాన్ని అతను చదవక కాదు. అసలు లెక్క బోర్డు మీద ఉండగా ఆ డబ్బాకు ఏది చూపిస్తే ఏం లెమ్మనుకున్నాడు.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం సైరన్ మోగింది. హీరాలాల్ పద్నాలుగు కార్డులూ గీకేశాడు. మనుషులు వచ్చారు, ల్యాంపులిచ్చారు, బిళ్లలు తీసుకుని బస్సుకు పరుగెత్తారు. బస్సు వెళ్లిపోయాక అతను అలవాటు ప్రకారం బోర్డును పైనుంచి కిందికి చూశాడు. ఎనభై ఏడో మేకుకు బిళ్ల ఉంది. అది ముత్యాలుది.

షిఫ్టుకూ షిఫ్టుకూ మధ్య, మనుషులు లేని అరగంటలో, సరిగ్గా నాలుగింటికి, ముత్యాలు పనిచేసే సెక్షన్లో బొగ్గు విరగ్గొట్టే తూటాలు పేలుస్తారు. గడియారం నాలుగుకు పదమూడు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. లోపల ఎవరూ లేరని చూసుకుని పేల్చమని చెప్పడానికి ల్యాంప్ రూముకొచ్చిన అసిస్టెంట్ మేనేజరు ఫోను చేత్తో పట్టుకునే ఉన్నాడు.

"సార్, ఆపున్రి. ముత్యాలు లోపల్నే ఉండు."

"పుష్పలతా, లోపల ఎంతమంది?"

"సున్నా సార్" అంది ఆమె.

"ల్యాంపుతోనే బస్సెక్కి ఉంటడు, మొన్నొకడు గిట్లనే చేసిండు. కార్డు గీకి పోయినోడు లోపలెట్లుంటడు హీరాలాల్?"

"గా మిషన్ అబద్ధం జెప్తుంది సార్. నేను మొదట్నుంచి చెప్తనే ఉన్న."

"పాటకు భయపడి పరిగెత్తినోడివి నువ్వు. నీ మాట విని పని ఆపమంటావా?"

పుష్పలత మాత్రం తెర వైపు తిరిగి ఏదో టకటకా కొట్టింది. వరసలు వరసలుగా నంబర్లొచ్చాయి. "సార్, ఆ గుంపు పద్నాలుగు కార్డులూ ముప్పై సెకన్లలో పడ్డాయి" అంది మెల్లగా. "పద్నాలుగు మంది వరసలో వచ్చి అంత తొందరగా గీకలేరు." తర్వాత హీరాలాల్ వంక చూసింది.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు హీరాలాల్ చెయ్యి జేబు మీదికి పోయింది. రబ్బరు బ్యాండు చుట్టిన కట్ట అందులోనే ఉంది. ఉద్యోగం ఇంకా మూడేళ్లుంది. ఉద్యోగం పోతే క్వార్టరు పోతుంది, సోమ్లితో మళ్లీ తండా దారి పట్టాలి. భయమేసింది. కప్పు కూలినరోజు కూడా అంత భయం వెయ్యలేదు. గడియారంలో ముల్లు కదిలింది. అతను కట్ట తీసి బల్ల మీద పెట్టాడు.

"ముత్యాలు కార్డు గీకింది నేనే సార్. అందరివీ నేనే గీకిన. ముత్యాలు లోపల్నే ఉండు."

అసిస్టెంట్ మేనేజరు ఫోనులో ఆపమని అరిచాడు. అప్పటికి పేల్చడానికి ఎనిమిది నిమిషాలే ఉంది.

అందరికంటే వెనక వస్తుండగా బొగ్గు పెళ్ల విరిగి కాలు మీద పడితే ముత్యాలు కదల్లేక అరిచి అరిచి గొంతు పోగొట్టుకుని ఉన్నాడు. స్ట్రెచర్ మీద పైకి తెచ్చారు. ఆ నొప్పిలోనూ అతను ల్యాంపు చెయ్యి చాచి ఇచ్చాడు. హీరాలాల్ ఎనభై ఏడో మేకు నుంచి బిళ్ల తీసి అతని చేతిలో పెట్టి, ఆ చెయ్యి వదలకుండా వెక్కి వెక్కి ఏడ్చాడు.

మూడోరోజు చార్జిషీటు వచ్చింది. యూనియన్ నాయకుడు వెంకటేశ్వరరావు స్వయంగా సంజాయిషీ రాసుకుని క్వార్టరుకొచ్చాడు.

"అంతా ఆలోచించి రాసిన. కంప్యూటర్ల తప్పు వడ్డదని రాసిన. ఊరికే వచ్చిన సిస్టమాయె, సత్తుపల్లి పిల్ల తన ఇష్టమొచ్చినట్టు ఎక్కించిందాయె. నువ్వు గీకిన ముచ్చట భయపడి నోరు జారినవన్నట్టు సర్దిన. ఆ డబ్బా వచ్చి కాదంటదా? సంతకం వెట్టు, నీ నౌకరి నిలుస్తది."

హీరాలాల్ కాగితాన్ని తిప్పి తిప్పి చూశాడు. ఇన్నాళ్లుగా అతను అంటున్న మాటలే అందులో ఉన్నాయి. సోమ్లి గుమ్మంలో నిలబడి అతన్నే చూస్తోంది.

"అన్నా, ఇరవై రెండేండ్లు కప్పును తట్టి సూసిన. బస్సును నమ్మలే, డాక్టర్ని నమ్మలే, పాటను గూడ నమ్మలే" అన్నాడు. "నా చెయ్యిని మాత్రం ఒక్కనాడు తట్టి సూడలే. గా మిషన్‌కు ముత్యాలు బయటున్నడని చెప్పింది నేనే. నేను జెప్పిందే అది జెప్పింది. నన్ను నమ్మిందే దాని తప్పా?"

కాగితం వెనక్కి తిప్పి, ఖాళీగా ఉన్న వైపు, 'కార్డు గీకింది నేనే' అని కూడబలుక్కుంటూ రాసి సంతకం పెట్టాడు. పెట్టాక ఒకసారి చదువుకుని, సోమ్లిని పిలిచి ఆమె చేత కూడా చదివించాడు.