విమానం పైకప్పులో మిగిలిపోయినవి

కోనసీమ జిల్లా ఏర్పడిన మరుసటి ఏడాది నన్ను రాజమహేంద్రవరం నుంచి అమలాపురం బదిలీ చేశారు. హోదా స్టాఫ్ రిపోర్టరు. పదవీ విరమణకు రెండేళ్లుంది. మండల విలేకరులు పంపే వార్తలు సరిచూడటం, అవసరమైతే స్వయంగా వెళ్లి రాయడం, సాయంత్రం ఏడులోగా జిల్లా డెస్కుకు చేర్చడం నా పని. డెస్కు అంటే వార్తలు దిద్ది, శీర్షికలు పెట్టి, పేజీ కట్టే విభాగం. రొయ్యల ధర, కొబ్బరి తెగులు, కాలువలకు నీళ్లు వదిలే తేదీ, ఇవి మాకు రోజువారీ వార్తలు. విమానం గురించి రాయాల్సి వస్తుందని అనుకోలేదు.

ఉప్పలగుప్తం మండలంలో సముద్రం వైపు పోయే రోడ్డు పక్కన, రెండు రొయ్యల చెరువుల నడుమ, సత్తిబాబు అనే ఆయన విమానంలో హోటల్ పెడుతున్నాడని అక్కడి విలేకరి ఫోన్ చేశాడు. సత్తిబాబు గల్ఫ్‌లో ఓ క్యాంపు వంటశాలలో ఇరవై ఏళ్లు వంట చేసి తిరిగొచ్చిన మనిషి. కొన్నది చిన్న విమానం కాదు. సీట్ల మధ్య రెండు నడవాలుండే పెద్దరకం. పక్క రాష్ట్రంలోని తుక్కు యార్డు నుంచి దాని ముందు భాగం తెప్పించాడు. అంత ఎత్తు మన కాలువ గట్టు రోడ్ల మీది తీగల కింద పట్టదు కాబట్టి దాన్ని అడ్డంగా కోసి, పై సగం ఒక ట్రైలరు మీద, కింది సగం మరొక దాని మీద తెచ్చారు. అప్పటికీ కరెంటు తీగలు తగలకుండా వెదురు కర్రలతో ఎత్తిపట్టుకుంటూ మనుషులు ముందు నడిచారట. హైవే దిగాక ఆ కాస్త దూరానికి మూడు రోజులు పట్టింది.

రెండు సగాలూ అతికించి, చుట్టూ కొబ్బరాకు పందిరి వేశాక నేను వెళ్లాను. ఇలాంటి వార్తకు మేం చూసే కాగితాలు రెండు: అనుమతి ఎవరిచ్చారు, వస్తువు గురించి హామీ ఎవరిచ్చారు. సత్తిబాబు రెండూ చూపించాడు. యార్డువాళ్ల ధ్రువపత్రంలో ఇంధనం, నూనెలు, బ్యాటరీలు, ఆక్సిజన్ సిలిండర్లు తొలగించినట్టు రాసి, సంతకం, ముద్ర ఉన్నాయి. నోటు పుస్తకంలో ఎక్కించుకున్నాను.

తర్వాత అతను నన్ను కిటికీ పక్క సీట్లో కూర్చోబెట్టి, నెత్తి మీది చిన్న మూత చూపించాడు. ప్రమాదం వస్తే ప్రయాణికుల ముందుకు ఆక్సిజన్ మాస్కులు జారేది అందులోంచే. సన్నని పుల్ల గుచ్చితే మూత తెరుచుకుంటుందట. ప్రారంభం రోజున పక్క ఊరి బడి పిల్లలు నలభై మందిని పిలిచి సీట్లలో కూర్చోబెట్టి, మాస్కులు దించి, లాగి పెట్టుకోమంటానన్నాడు.

"విమానం ఎక్కినోళ్లకి కూడా దక్కని సరదా అండీ. ఇరవై ఏళ్లు తిరిగేను, నాకెప్పుడూ పడలేదు ఆ మాస్కు" అన్నాడు.

"పడకపోవడమే మంచిదయ్యా" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

మాస్కు లాగి చూడొచ్చన్న మాటతోనే వార్త ముగించాను. చదివినవాళ్లు వెళ్లి చేయగలిగింది ఒకటి చివర్లో ఉంటే డెస్కుకు ఇష్టం. సబ్ ఎడిటరు దాన్నే శీర్షిక చేశాడు: లాగితే చాలు, మాస్కు మీ ముఖానికి. శనివారం జిల్లా పేజీలో, సీట్ల ఫొటోతో వచ్చింది. ప్రారంభం కూడా ఆ శనివారమే, పదిన్నరకు.

ఉదయం ఆరుంపావుకు ఫోన్ మోగింది. తన పేరు రత్నరాజు అనీ, ఐనవిల్లి మండలమనీ, గల్ఫ్‌లో పాత విమానాలు విప్పే యార్డులో పద్దెనిమిదేళ్లు టెక్నీషియనుగా చేసి వచ్చాననీ చెప్పారు. గొంతులో తొందర లేదు.

"మీ వార్త చదివేనండి. ఆ మాస్కుల పైన డబ్బాలు తీసేరాండి?"

సిలిండర్లు తీసేశారని, కాగితం నేను చూశానని అన్నాను.

"సిలిండర్లు పైలట్లకండి. ప్రయాణికులకి వేరే. సీట్ల పైన డబ్బాలుంటాయండి, జానెడు పొడుగు. మాస్కు లాగితే దాని పిన్ను ఊడుతుంది. లోపల మందు రగిలి ఆక్సిజన్ వస్తుందండి. అది వచ్చినంతసేపూ డబ్బా పెనంలా కాలుతుంది. ఒకసారి రగిలితే ఆపడానికి మీట ఉండదండి."

"అన్నేళ్ల పాతవి పనిచేస్తాయా?"

"పనిచేయవని నేను చెప్పలేనండి. మీరు చెప్పగలరా?"

చెప్పలేనన్నాను. సత్తిబాబుకు ఆరుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఆ ఊరి విలేకరి పెళ్లికని కాకినాడ వెళ్లాడు. బడివాళ్ల నంబరు నా దగ్గర లేదు. తానూ వస్తానన్న రత్నరాజు గారు మోటారు సైకిలు మీద అమలాపురం వచ్చేసరికి ఏడున్నర దాటింది. చేతిసంచిలో రెండు పటకార్లు, తోలు తొడుగులు ఉన్నాయి. ఆయన్ను నా కారులో ఎక్కించుకుని బయల్దేరాను. దారిలో రెండు చోట్ల కొబ్బరి లోడు లారీలు అడ్డం. ఒకచోట గేదెలు. ఆయన మాత్రం కిటికీలోంచి చూస్తూ తన పని గురించి చెప్పసాగారు. నా కంగారు తగ్గించడానికేనని తర్వాత అర్థమైంది.

పెద్ద విమానం ఎగరడం మానేశాక ఎడారి గాలి ఆడే చోట పెడతారట. తుప్పు తక్కువ. మొదట ఇంజన్లు దింపుతారు. ఆ బరువు పోతే తోక వైపు కూలబడుతుందని ముక్కుకు కాంక్రీటు దిమ్మలు కడతారు. తర్వాత చక్రాల కాళ్లు, కంప్యూటర్లు, తలుపులు. తీసిన ప్రతి భాగానికీ చీటీ కడతారు. ఏ విమానంలో ఎన్ని గంటలు పనిచేసిందో ఆ చీటీతో పాటు వెళితేనే ఇంకో విమానంలో బిగిస్తారు. చరిత్ర తెలియని భాగం ఎంత కొత్తగా మెరుస్తున్నా తుక్కే. మళ్లీ ఎవరూ వాడకుండా దాన్ని విరిచి మరీ పారేస్తారు. చివరికి మిగిలిన డొల్లను ఇనుప దవడల యంత్రం నమిలి అల్యూమినియం కుప్ప చేస్తుంది. హోటళ్లకు వెళ్లేవి ఎక్కడో ఒకటీ అరా.

"మరి ఆ డబ్బాలు?"

"వాటికోసం వేరే మనిషుంటాడండి. పిన్నుకి టోపీ పెట్టి, లెక్కపెట్టి తీస్తాడు. కొన్నేళ్లు ఆ మనిషిని నేనే. ఈ విమానం కోసిన యార్డులో ఆ మనిషి ఉన్నాడో లేడో."

మేం చేరేటప్పటికి తొమ్మిదయింది. పందిరి కింద షామియానా కుర్చీలు వేస్తున్నారు. సత్తిబాబు లేడు. ఐనవిల్లి వినాయకుడికి మొక్కు తీర్చుకోవడానికి వెళ్లాడు. ఫోన్ ఇక్కడే ఛార్జింగులో ఉంది. నేను చేసిన ఫోన్లన్నీ దాని తెర మీద కనిపిస్తున్నాయి. విమానం లోపల ఎలక్ట్రీషియన్ శ్రీను స్టూలు మీద నిలబడి, పుల్లతో మూతలు తెరుస్తున్నాడు. మొదటి మూడు వరుసల్లో పసుపు మాస్కులు అప్పటికే వేలాడుతున్నాయి.

"దిగు నాయనా. నెమ్మదిగా. ఏదీ పట్టుకోకు" అన్నారు రత్నరాజు గారు.

శ్రీను దిగాడు. వీటిలో ఏదైనా లాగి చూశావా అని ఆయన అడిగారు. వాడు తటపటాయించి, నాలుగు రోజుల కిందట వెనక వరుసలో ఒకటి లాగానన్నాడు. వేడెక్కి మాడు వాసన వచ్చిందట. వైరింగు షార్టయిందనుకుని ఆ వరుసకు వైర్లన్నీ మార్చేశాడు. అక్కడి ప్లాస్టిక్ పలక గోధుమ రంగుకు తిరిగి ఉంది. కొత్త కర్టెను దానికి జానెడు దూరంలో వేలాడుతోంది.

సత్తిబాబు కారు దిగి, బొట్టుతో, కొబ్బరి చిప్పల సంచితో నవ్వుతూ వచ్చాడు. విషయం చెప్పాను. నవ్వు ఆగిపోయింది.

"లాగమని రాసింది మీరే. ఇప్పుడు ఆపమంటందీ మీరేనా గురువు గారూ?"

నేను రాసింది తప్పన్నాను.

"పేపర్లో చూసి రాజోలు నుంచి కూడా బయల్దేరేరండి జనం. పిల్లల బస్సు దారిలో ఉంది. లోపలికి రావద్దంటే ఊరంతా ఏమనుకుంటారు? తుక్కు తెచ్చి తుక్కయిపోయేడంటారు. కాగితం ఉంది కదండీ నా దగ్గర."

రత్నరాజు గారు వాదించలేదు. "తమ్ముడూ, నీ కాగితం అబద్ధం కాదు. అందులో ఈ డబ్బాల మాటే లేదు. ఒక్కటి తీసి చూపిస్తాను. చూసేక నీ ఇష్టం" అన్నారు.

మాస్కులు దిగిన వరుసల జోలికి వెళ్లకుండా, మూత తెరవని ఒకదాని పలక విప్పారు. పిన్ను కదలకుండా పటకారుతో పట్టుకుని, జానెడు పొడవున్న డబ్బాను బయటకు తీశారు. చెరువు గట్టుకు దూరంగా, గడ్డి లేని ఇసుకలో రెండు ఇటుకల మీద పెట్టారు. అందరినీ వెనక్కి పంపి, పొడవాటి తాడుతో పిన్ను లాగారు. టప్‌మని చిన్న చప్పుడైంది. మంట లేదు, పొగ లేదు.

"ఏదండీ, ఏం లేదుగా" అన్నాడు శ్రీను.

"ఉండు" అన్నారు ఆయన.

కొద్ది నిమిషాల తర్వాత దూరం నుంచే మగ్గుతో నీళ్లు చిలకరించారు. దోసె పెనం మీద పడ్డట్టు చుర్రుమన్నాయి. ఒక కొబ్బరి పీచు ముక్క కర్ర చివరకు గుచ్చి డబ్బాకు ఆనించారు. మాడి నల్లబడి, దాని అంచున ఎర్రగా రాజుకుంది. ఆక్సిజన్ వస్తున్న రంధ్రం దగ్గరికి జరపగానే భగ్గుమంది.

సత్తిబాబు ఆ పీచు వైపు, తర్వాత కొబ్బరాకు పందిరి వైపు చూశాడు. ఇరవై ఏళ్లు పొయ్యి దగ్గర నిలబడిన మనిషి. ఇంకేం చెప్పనక్కర్లేకపోయింది.

"శ్రీనూ, తలుపుకి తాళం ఎయ్. తాళం అన్నయ్య గారికియ్యి" అన్నాడు, రత్నరాజు గారిని చూపిస్తూ.

పిల్లల బస్సు పదింటికి వచ్చింది. అందరికీ షామియానా కింద ఇడ్లీ, పెసరట్టు పెట్టారు. ఒక పిల్ల మాస్కు ఏదని అడిగితే, "బాగు చేయిస్తన్నామమ్మా, మళ్లీ రండి" అని సత్తిబాబే చెప్పాడు. రాజోలు నుంచి వచ్చినవాళ్లలో కొందరు వెటకారాలాడారు. వాటిని కూడా నిలబడి విన్నాడు. మధ్యాహ్నం అగ్నిమాపక కేంద్రం అధికారి వచ్చి హోటల్ తెరవకుండా నోటీసిచ్చారు. ఆయన సమక్షంలో రత్నరాజు గారు రెండు రోజులు కూర్చుని, వేలాడుతున్నవాటితో సహా డబ్బాలన్నీ తీశారు. తర్వాత నెల హోటల్ తెరిచారు. మాస్కులున్నాయి కానీ వాటి పైన ఏమీ లేదు.

నా పని మిగిలింది. డెస్కు ఇన్‌చార్జితో మాట్లాడితే, మూడు లైన్ల సవరణ వేద్దామన్నారు. ప్రమాదం జరగలేదు కదా, మన తప్పును మనమే పెద్దది చేసుకోవడమెందుకని ఆయన వాదన. అలాంటి విమానం హోటళ్లు ఇంకా ఉండొచ్చని, మన శీర్షిక చదివి ఎవరైనా మాస్కు లాగితే ఆ మూడు లైన్లు వాళ్లకు కనిపించవని నేనన్నాను. ఒక రోజంతా ఫోన్ల మీద గడిచింది. చివరికి అదే పేజీలో, అదే చోట, నా పేరుతో వేశారు. లాగవద్దు అన్నది శీర్షిక. అంతకుముందు రాసింది తప్పని మొదటి వాక్యం.

ఉద్యోగంలో చేరిన కొత్తలో మాకు నేర్పిన సూత్రం, ఎవరేం చెప్పినా కాగితం చూడాలని. నేను చూశాను. అందులో తీసేశామని రాసినవన్నీ నిజంగానే తీసేశారు. ఇంకా ఏం మిగిలాయో నేను అడగలేదు. అడిగినా సత్తిబాబుకు తెలియదు. తెలిసిన మనిషి నాకు పాఠకుడిగా దొరికాడు, అదీ వార్త అచ్చయ్యాక. మిగిలిన రెండేళ్లలో, కాగితం చూపించిన ప్రతివారినీ ఆ పని చేతులతో చేసినవారెవరో అడిగి, వాళ్లతో మాట్లాడాకే రాశాను. అందువల్ల కొన్ని వార్తలు పోటీ పత్రికల కంటే ఒక రోజు ఆలస్యంగా వచ్చాయి. ఆలస్యానికి సంజాయిషీ అడుగుతూ రెండు మెమోలు అందాయి. రెంటికీ జవాబు రాసి పంపాను.